మూడో రోజు మెడ వాలితే: పురుగుమందు కేసుల్లో గొడవ ఎక్కడ మొదలైంది

మిర్చికి, పత్తికి మందు కొట్టే రోజులొస్తే గుంటూరు చుట్టుపక్కల ఆసుపత్రుల ముందు పురుగుమందు విషంతో పోయినవాళ్ల గురించి ఒకటే గొడవ. ఈసారీ మొదలైంది. "నిన్న లేచి కూర్చుని మాట్లాడినోడు ఇవాళ పోయాడంటే ఎట్లా నమ్మేది?" అని బంధువులు. పరిస్థితి విషమమని ముందే చెప్పి సంతకం తీసుకున్నామని ఆసుపత్రి వర్గాలు.

ఆర్గానోఫాస్ఫేట్ అనే పురుగుమందుల కుటుంబం, ఆ మందులు ఎక్కడ పుట్టి మన చేలలోకి ఎలా వచ్చాయో చాలాసార్లు రాసిందే. నేటి గొడవకు మూలం 1987లో ఉంది. ఆ ఏడాది శ్రీలంక వైద్యులు నిమల్ సేనానాయకె, లక్ష్మణ్ కరాల్లిద్దె 10 మంది రోగుల కథ ప్రచురించారు. అందరూ మొదటి గండం గట్టెక్కినవాళ్లే. విషం ఒంట్లోకి వెళ్లిన 24 నుంచి 96 గంటల మధ్య మెడ, భుజాలు, తొడలు, ఊపిరి తీసే కండరాలు చచ్చుబడ్డాయి. దానికి ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. ఇక్కడ గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసి రైతులు ప్రాణాలు తీసుకున్నదీ ఆ 1987-88లోనే.

నరం చివర విడుదలయ్యే అసిటైల్‌కోలిన్ కండను కదిలిస్తుంది. పని కాగానే కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని విరిచేస్తుంది. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందు తాగినా, కొడుతూ ఒంటికి పట్టించుకున్నా ఆ ఎంజైమ్‌కే సంకెళ్లు పడతాయి. విరగని అసిటైల్‌కోలిన్ పేరుకుపోయి నోట్లో నురగ, చెమట, ఛాతీలో గురగుర. కండ అదిరి అదిరి చివరికి కదలకుండా పోతుంది. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ నురగను, గురగురను ఆపుతుంది, నాడిని లేపుతుంది. నరం కండను కలిసే చోట మాత్రం అది పనిచేయదు. కాబట్టి నోరెండి, ఛాతీ తేలికపడి, నాడి బాగున్నంత మాత్రాన కండ కోలుకున్నట్టు కాదు. డాక్టరు "బాగుంది" అన్నదీ నిజమే, మర్నాడు ఊపిరి ఆగడమూ నిజమే.

ఎంజైమ్‌ను విడిపించడానికే పామ్ (ప్రాలిడాక్సిమ్) ఇంజెక్షన్. మహారాష్ట్రలోని బారామతిలో రోగులపై చేసిన పరీక్షలో (2006) పెద్ద మోతాదు ఎడతెగకుండా ఎక్కిస్తే మేలు కనిపించింది, శ్రీలంక పరీక్షలో (2009) కనిపించలేదు. పామ్ ఇవ్వనందుకే పోయాడన్న ఆరోపణ అందుకే గట్టిగా నిలవదు.

మెడ సంగతి వేరు. తలగడ మీంచి తల ఎత్తలేకపోవడం తొలి హెచ్చరిక. దాన్ని ముందు చూసేది పక్కనున్న భార్యో తల్లో. టీ పట్టిద్దామని వీపు కింద చెయ్యి వేసి లేపితే తల వెనక్కి వేలాడిపోతుంది. వెళ్లి చెబితే "నీరసం, పడుకోనివ్వండి" అన్నారని కుటుంబాలు వాపోతాయి. మెడను కనిపెట్టుకుని ఉండమని వాళ్లకెవరూ ముందు చెప్పరు. వేళకు వెంటిలేటర్ పెడితే ఈ చచ్చుబాటు కొన్ని రోజుల్లో, ఒక్కోసారి రెండు మూడు వారాల్లో తగ్గిపోయేదే. అందుకే మెడ వాలిన ఆ ఒక్క రాత్రి అంత విలువైంది.

శ్రీలంక 1995లోనే మోనోక్రోటోఫాస్‌ను నిషేధించింది. మన దేశంలో 2005లో కూరగాయల వరకే ఆపారు. 2013లో బిహార్‌లోని సారణ్ జిల్లాలో అదే మందు కలిసిన బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయినా, ఆ మందు 36 శాతం ద్రావణంపై నిషేధ ఉత్తర్వు 2023 దాకా రాలేదు. ప్రొఫెనోఫాస్, క్లోర్‌పైరిఫాస్ కూడా ఆ ఆర్గానోఫాస్ఫేట్ కుటుంబానివే.

బంధువులు ఇప్పుడు అడుగుతున్నది కేసు షీటు, అంటే రోగిని ఎప్పుడెలా చూశారో ఆసుపత్రి రాసే చీటీ. రెండో రోజు, మూడో రోజు రాత్రి తల ఎత్తించి చూసినట్టు అందులో రాసి ఉందా, ఉంటే ఎన్ని గంటలకు అన్నది తేలాలి.