పౌండు ఒకటి కాదు, రెండు: స్నిగ్ధత లెక్కల్లో చిక్కు ఎక్కడిది?

జీడిమెట్లలోనో పటాన్‌చెరులోనో ఒక మందుల ఫ్యాక్టరీలో సిరప్ స్నిగ్ధత, అంటే చిక్కదనం, కొలిస్తే రీడింగ్ సెంటీపాయిజ్ అనే మెట్రిక్ కొలతలో వస్తుంది. అదే సిరప్‌ను వేడి చేసే హీట్ ఎక్స్‌ఛేంజర్ అమెరికా డిజైన్‌ది అయితే, దాని డేటా షీట్‌లో పౌండు, అడుగు, గంట ఉండొచ్చు. రెండింటినీ కలిపి లెక్క కట్టాల్సిన కొత్త ఇంజినీరుకు టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. లెక్క తప్పినా కాగితం మీద అంకె సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది, అదీ ప్రమాదం.

డైనమిక్ స్నిగ్ధత అంటే ద్రవం పొరలు ఒకదాని మీద ఒకటి జారేటప్పుడు ఎదురయ్యే నిరోధం. న్యూటన్ 1687లోనే దాని గురించి రాశాడు. మెట్రిక్ కొలతకు పేరిచ్చింది మాత్రం ప్వాజోయ్ అనే ఫ్రెంచి డాక్టరు. సన్నని నాళాల్లో రక్తం ఎలా పారుతుందో తెలుసుకోవాలని ఆయన 1840 ప్రాంతంలో గాజు గొట్టాల్లో నీళ్లు పారించి చూశాడు. గొట్టం వ్యాసం సగమైతే ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుందని తేల్చాడు. ఆయన గౌరవార్థం పాయిజ్ అన్న పేరును 1913లో డీలీ, పార్ ప్రతిపాదించారు. అప్పుడు వాళ్లు పరిశీలిస్తున్నది హిమానీనదాల మంచును! నీటికి పాయిజ్ మరీ పెద్దదవడంతో అందులో నూరో వంతు, సెంటీపాయిజ్, వాడుకలో నిలిచింది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటి స్నిగ్ధత దాదాపు 1 సెంటీపాయిజ్. ఎస్‌ఐ అనే అంతర్జాతీయ పద్ధతిలో అదే 1 మిల్లీపాస్కల్ సెకను, అంకె మారదు.

ఇంగ్లండ్‌లో దారి వేరు. రైలు ఇరుసుల బేరింగుల్లో నూనె తీరుపై టవర్ అనే ఇంజినీరు చేసిన ప్రయోగాలకు 1886లో ఆస్‌బోర్న్ రెనాల్డ్స్ సిద్ధాంతం కట్టాడు. బేరింగుల వాళ్లు ఒత్తిడిని చదరపు అంగుళానికి పౌండ్లలో చూసేవాళ్లు కాబట్టి, వాళ్ల స్నిగ్ధత ప్రమాణం కూడా అక్కడి నుంచే వచ్చింది. రెనాల్డ్స్ పేరు మీద దాన్ని రెయిన్ అంటారు. ఒక రెయిన్ సుమారు 69 లక్షల సెంటీపాయిజ్‌లు!

అసలు చిక్కు పౌండులో ఉంది. అది ద్రవ్యరాశికీ పేరే, బలానికీ పేరే. నిజాం కాలంలో హైదరాబాద్‌లో రూపాయి అంటే నిజాం నాణెం హాలీ సిక్కానా, బ్రిటిష్ ఇండియా రూపాయి కల్దారా అని అడగాల్సి వచ్చేది. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు. పౌండు విషయంలోనూ అదే ప్రశ్న వేయాలి, కాకపోతే ఇక్కడ తేడా 32.174 రెట్లు, అడుగుల్లో భూమ్యాకర్షణ త్వరణం అంకె అది. ఉదాహరణకు 20 డిగ్రీల దగ్గర గ్లిసరిన్ సుమారు 1,400 సెంటీపాయిజ్. ద్రవ్యరాశి పౌండ్లలో అది అడుగు-సెకనుకు 0.94 పౌండ్లు. ఆ 0.94ను చదరపు అడుగుకు పౌండు-బలం సెకన్లు అనుకుని వెనక్కి మారిస్తే 45,000 సెంటీపాయిజ్ వస్తుంది! ఆ అంకెతో పంపు ఎంచుకుంటే మోటారు అవసరానికి మించి ఎంత పెద్దదవుతుందో ఊహించండి.

మన దేశం 1956లో చట్టం చేసి, 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూకాలకు మారడం మొదలుపెట్టింది. బాలానగర్‌లో సోవియట్ సాయంతో వచ్చిన ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ ఐడీపీఎల్ కూడా మెట్రిక్ దేశం సాంకేతికతే. పౌండు, అడుగు మనకు ఇప్పుడు తగులుతున్నది ఎక్కువగా అమెరికా యంత్రాలతో, అక్కడి డిజైన్ పద్ధతులతో. ఆ షీట్లను చేతిలోకి తీసుకునే ముందు యూనిట్‌లో పౌండు పక్కన బలం గుర్తు (lbf లోని f) ఉందో లేదో చూడటం నా దృష్టిలో మొదటి పని.

గుణకాలు తక్కువే. 1 సెంటీపాయిజ్ అంటే అడుగు-గంటకు 2.419 పౌండ్లు, అడుగు-సెకనుకు 0.000672 పౌండ్లు. బలం పౌండ్లలో చదరపు అడుగుకు 0.0000209 పౌండు-సెకన్లు. మార్చిన అంకె అనుకున్నదానికి 32 రెట్లు అటో ఇటో ఉంటే పౌండ్లు తారుమారయ్యాయని అనుమానించాలి. 3,600 రెట్లయితే గంట, సెకను కలిసిపోయినట్టు. ఉష్ణోగ్రత కూడా పక్కన రాసి ఉండాలి. అదే గ్లిసరిన్ 40 డిగ్రీల దగ్గర 300 సెంటీపాయిజ్ కన్నా తక్కువే, మన మే నెలలో షెడ్డులో ఆ వేడి మామూలే.