నత్రజని లెక్క: ఆహార భద్రత, పర్యావరణం ఎడమైన చరిత్ర

ప్రపంచమంతటికీ తిండి పండించాలన్న లక్ష్యాన్నీ, నేలనూ నీటినీ కాపాడుకోవాలన్న లక్ష్యాన్నీ ఇవాళ కలిపి చెబుతున్నాం గానీ, చాలాకాలం అవి వేర్వేరు చర్చలుగానే సాగాయి. ఆ ఎడం ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే నత్రజని దగ్గర మొదలుపెట్టాలి.

గాలిలో 78 శాతం నత్రజనే అయినా పైర్లు దాన్ని నేరుగా తీసుకోలేవు. 19వ శతాబ్దంలో యూరప్ పొలాలు దక్షిణ అమెరికా నుంచి వచ్చే పక్షి రెట్టల ఎరువు మీద, చిలీ నైట్రేటు మీద ఆధారపడేవి. ఆ నిల్వలు తరిగిపోతే గోధుమకు కొరత తప్పదని, గాలిలోని నత్రజనిని పట్టే దారి రసాయన శాస్త్రమే చూపాలని 1898లో బ్రిటన్ రసాయన శాస్త్రవేత్త విలియం క్రూక్స్ హెచ్చరించారు. 1909లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ ప్రయోగశాలలో గాలిలోని నత్రజనితో అమ్మోనియా తయారుచేసి చూపగా, కార్ల్ బాష్ కృషితో 1913లో జర్మనీలోని ఓపావులో కర్మాగారం మొదలైంది. నేడు ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది తిండి ఈ అమ్మోనియాతో చేసే ఎరువు మీదే ఆధారపడి ఉందని శాస్త్రవేత్తల అంచనా.

అయితే పొడుగ్గా పెరిగే గోధుమ, వరి రకాలకు ఎరువు మోతాదు పెంచితే కంకుల బరువుకు చేను పడిపోయేది. మెక్సికోలో వ్యవసాయ శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ రూపొందించిన పొట్టి గోధుమలు, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో విడుదల చేసిన ఐఆర్ 8 వరి ఆ అడ్డంకిని తొలగించాయి. 1961 నుంచి ధాన్యాల ఉత్పత్తి మూడింతలు దాటగా, వాటి సాగు విస్తీర్ణం కొద్దిగానే పెరిగింది. ఈ మేలును తక్కువ చేయడం అన్యాయం. ఆ దిగుబడులే లేకపోతే ఇంకెంతో అడవి పొలంగా మారేది.

లెక్కకు రానిది వేరే ఉంది. చేలో వేసిన నత్రజనిలో సగానికి పైగా పంటకు అందదు. అందులో కొంత నైట్రేటుగా మారి భూగర్భజలంలోకి, వాగులూ నదుల్లోకి, అక్కడి నుంచి సముద్రంలోకి చేరి నాచును పెంచుతుంది. ఆ నాచు కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోయి చేపలు బతకలేవు. మిసిసిపీ నది కలిసే మెక్సికో సింధుశాఖలో ఏటా వేసవిలో జరుగుతున్నది ఇదే. మరికొంత నత్రజని నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

ఐక్యరాజ్యసమితి పర్యావరణంపై 1972లో స్టాక్‌హోమ్‌లోనూ, ఆహారంపై 1974లో రోమ్‌లోనూ విడివిడిగా సదస్సులు పెట్టింది. 1996లో రోమ్‌ శిఖరాగ్ర సభ ఆహార భద్రతకు ఇచ్చిన నిర్వచనంలోనూ నేల, నీరు ప్రస్తావనకు రాలేదు. ఆకలి నిర్మూలననూ సుస్థిర సాగునూ ఒకే లక్ష్యంలో చేర్చింది 2015లో, సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు ప్రకటించినప్పుడు. ఇంత జాప్యం జరగకూడనిది.

ఈ రెండు లక్ష్యాలూ పొలంలో ఎలా కలుస్తాయో తెలియాలంటే వరిలో ఆరుతడి విధానాన్ని చూడండి. చిల్లులు పెట్టిన గొట్టాన్ని మడిలో పాతి, అందులో నీటి మట్టం నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు చేరాకే మళ్ళీ తడి పెడతారు. పూత దశలో మాత్రం మడిలో నీరు నిలుపుతారు. సరిగ్గా పాటిస్తే దిగుబడి తగ్గకుండానే 30 శాతం దాకా నీరు ఆదా అవుతుంది, నీరు నిలిచిన మడుల నుంచి వెలువడి భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు తగ్గుతుంది. కానీ నేల ఆరి తడిసినప్పుడల్లా నైట్రస్ ఆక్సైడ్ కొంత పెరగవచ్చు కాబట్టి, గొట్టంలో నీటి మట్టంతో పాటు యూరియా ఎప్పుడు, ఎంత వేస్తున్నామన్నదీ చూసుకోవలసి ఉంటుంది.