ఉప్పు జాడీ, 14 నిమ్మకాయలు, కదలని వ్యాను

గుణుపురం నుంచి మా చిన్నమావయ్య ఫోన్ చేశాడు. "వ్యాను బ్యాటరీకి మీటరు పెడితే 12.6 వోల్టులు చూపిస్తంది, సెల్ఫ్ కొడితే టక టక టక అంటంది. నువ్వు పిల్లలకి ఫిజిక్స్ చెప్తావు కదా, ఇదేటో చెప్పు."

ఆయన వ్యాను కోతలప్పుడు ధాన్యం, పత్తి మోస్తుంది. మిగతా నెలలన్నీ రేకుల షెడ్డులో కోళ్లకు నీడనిస్తుంది. ఆదివారం పర్లాకిమిడిలో రైలెక్కాను, సంచిలో మల్టీమీటరు, ఆసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటరు వేసుకుని.

"వాడకపోతే బ్యాటరీ పాడవుతుంది" అని అందరూ అంటారు. ఎందుకని అడిగితే మాత్రం ఎవరూ చెప్పరు. నాకు జవాబు అత్తయ్య వంటింట్లోనే కనిపించింది. వానాకాలంలో సన్న ఉప్పు జాడీ మూత సరిగ్గా పెట్టకపోతే ఏమవుతుంది? రాత్రి తేమకు గింజల అంచులు కరుగుతాయి. పగలు ఆరినప్పుడు ఆ కరిగిన ఉప్పు పక్క గింజ మీద పేరుకుంటుంది. ఇలా రోజూ జరిగితే చిన్న గింజలు మాయమై పెద్దవి బలుస్తాయి. నెల తిరిగేసరికి చెంచా దిగదు. ఉప్పు ఎక్కడికీ పోలేదు, జాడీ బరువూ తగ్గలేదు. కూరలో వేద్దామంటేనే రాదు.

బ్యాటరీలో ఆ ఉప్పు పేరు లెడ్ సల్ఫేట్. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే తయారు చేసిన నాటి నుంచి ఈ రసాయనం మారలేదు. కరెంటు ఇచ్చేటప్పుడు ఒక పలక మీది స్పాంజి సీసం, ఇంకో పలక మీది లెడ్ డయాక్సైడ్, రెండూ ఆసిడ్‌లోని సల్ఫేటును పట్టుకుని లెడ్ సల్ఫేట్‌గా మారతాయి. ఆసిడ్ పలచబడుతుంది. అప్పుడే పుట్టిన సల్ఫేట్ సన్న ఉప్పులాంటిది, ఛార్జింగ్ పెట్టగానే కరిగి సీసంగా, డయాక్సైడ్‌గా వెనక్కి పోతుంది. వారాల తరబడి అలాగే వదిలేస్తే, పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ కరుగుతూ పేరుకుంటూ కల్లుప్పులా తయారవుతుంది. ఒక మిల్లీమీటరు గింజను పదో వంతు సైజు గింజలుగా పొడి చేస్తే 1000 వస్తాయి, వాటి మొత్తం ఉపరితలం మొదటిదానికి 10 రెట్లు. బ్యాటరీలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. కరగడానికి చోటు తగ్గిపోతుంది. పైగా లెడ్ సల్ఫేట్‌లో కరెంటు పారదు కాబట్టి దాని కింద ఉన్న పలక ఉన్నా లేనట్టే.

మరి నిండు బ్యాటరీలా 12.6 ఎలా చూపించింది? మావయ్య ముందురోజే ఛార్జింగ్ పెట్టించాడు. పనిచేసే పలక కాస్తే మిగిలింది, ఆ కాస్తా నిండగానే వోల్టేజీ పైకి లేచింది. వ్యాను ముందు మిరపకాయలతో వేలాడుతున్న నిమ్మకాయ కేసి చూపించాను. దిష్టి సంగతి నాకు తెలియదు గానీ, బ్యాటరీ పాఠానికి అంతకన్నా మంచి పరికరం దొరకదు. నిమ్మకాయలో ఒక జింకు పూత మేకు, ఒక రాగి తీగ గుచ్చితే దాదాపు 0.9 వోల్టు వస్తుంది. 14 కాయలు వరసగా కలిపితే 12.6! మీటరు దృష్టిలో అదీ ఫుల్ బ్యాటరీయే. సెల్ఫ్ మోటారు అడిగేది 200 ఆంపియర్లు. నిమ్మకాయ ఒక్క మిల్లీఆంపియరు ఇవ్వడానికే ఆపసోపాలు పడుతుంది. ఏ క్లాసులోనైనా దీన్ని చెప్పకుండా వదలను.

ఆ టక టక కూడా ఇందుకే. సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్చే సొలినాయిడ్. అది లాగడానికి కొంచెం కరెంటు చాలు, లాగుతుంది. లాగగానే మోటారు భారం మీద పడి వోల్టేజీ కుప్పకూలుతుంది, సొలినాయిడ్ వదిలేస్తుంది. భారం పోగానే వోల్టేజీ లేస్తుంది, మళ్లీ లాగుతుంది.

అందుకే సెల్ఫ్ కొడుతూనే కొలవాలి. మీటరు ఒక ముల్లు బ్యాటరీ సీసపు బొడిపె మీద, రెండోది దాన్ని పట్టుకున్న క్లాంపు మీద ఆనించి, కొట్టమన్నాను. 1.4 వోల్టులు. అవి రెండూ ఒకదాన్నొకటి తాకుతున్న లోహాలు, మధ్యలో వోల్టేజీ ఏమీ కనబడకూడదు. క్లాంపు విప్పితే లోపల తెల్లగా, నీలంగా బూజులాంటి పొడి. 200 ఆంపియర్లకు ఓములో నూరో వంతు అడ్డం పడినా 2 వోల్టులు మింగేస్తుంది. వేడినీళ్లలో వంట సోడా కలిపి కడిగి, గరుకు కాగితంతో రుద్దాక 0.1కి దిగింది. అయినా బండి అందుకోలేదు. ఈసారి బ్యాటరీయే 8.3కి పడిపోయింది. 9.6 కన్నా కిందికి రాకూడదు. బ్యాటరీలోని ఆరు గదుల్లో హైడ్రోమీటరు ముంచితే అయిదింట్లో 1.24, మూడో గదిలో మాత్రం ఆసిడ్ బాగా పలచబడి 1.13. ఆ గది పోయినట్టే. కొత్త బ్యాటరీ తప్పలేదు.

కొత్తదీ ఇలాగే పోకుండా, బండి ఆపి ఉన్నప్పుడు ఎంత కరెంటు తాగుతోందో చూశాం. నెగెటివ్ వైరు తీసి మధ్యలో అమ్మీటరు పెట్టాను (ఇలా ఉండగా సెల్ఫ్ కొడితే మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది). 60 మిల్లీఆంపియర్లు. వారానికి 10 ఆంపియర్ అవర్లు (ఒక ఆంపియరు గంటసేపు పారితే ఒక ఆంపియర్ అవర్). ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోతే, డాష్‌బోర్డు కింద జీపీఎస్ పెట్టె దగ్గర సున్నాకి పడింది.

"ఆదివారం ఆదివారం అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపుతున్నానే!" అన్నాడు మావయ్య. ఇంజను ఊరకే తిరుగుతున్నప్పుడు బ్యాటరీకి 20 ఆంపియర్లు వెళ్లాయనుకున్నా, అయిదు నిమిషాలకు వెనక్కి వచ్చేది 1.7 ఆంపియర్ అవర్లు. సెల్ఫ్ పది సెకన్లు తిరిగితేనే అరకు పైన ఖర్చు. వారంలో పోయిన పదికి ఇది ఏ మూలకు?

నెగెటివ్ వైరుకు కటాఫ్ స్విచ్ బిగించి, ఆపేసి, భోజనానికి కూర్చున్నాం. పప్పు వడ్డిస్తుండగా మావయ్య ఫోన్ మోగింది. జీపీఎస్ పెట్టినవాళ్లు. "సార్, మీ బండి కరెంటు కట్ అయినట్టు చూపిస్తోంది, ఎవరైనా ఎత్తుకెళ్లారా?"