స్కూల్ ఆటల్లో ఎలిజిబిలిటీ గొడవ: ఈ కాగితాల కథ ఎక్కడ మొదలైంది

జులై వచ్చిందంటే బెంగళూరులో మన తెలుగు ఇళ్లల్లో ఒకటే హడావిడి. పిల్లాడు హోబళి (కర్ణాటకలో తాలూకా కంటే చిన్న విభాగం) మీట్‌కి సెలెక్ట్ అయ్యాడు, బర్త్ సర్టిఫికెట్ ఏమో ఊళ్లో బీరువాలో ఉంది, ఆధార్‌లో ఒక డేటు స్కూల్ రికార్డులో ఇంకో డేటు, పీటీ సార్ ఏమో రేపు పొద్దున్నకల్లా ఎంట్రీ ఫారం ఇచ్చెయ్యాలంటారు. వర్తూరు, మారతహళ్లి, కేఆర్ పురం ఎటు వెళ్లినా ఇదే సీను. వంద మీటర్లు పరిగెత్తడానికి ఇన్ని కాగితాలా అని చిరాకు పడతాం కదా, ఆ కాగితాల వెనకాల డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది, అది తెలిస్తే చిరాకు తగ్గదు గానీ ఎవరి మీద పడాలో మాత్రం తెలుస్తుంది.

ముందు మెట్లు చెప్పేస్తా. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా పుట్టింది 1954లో, ఆంధ్రలో చదువుకున్నవాళ్లం ఎస్‌జీఎఫ్ గేమ్స్ అంటాం చూడండి, అదే. అండర్-14, అండర్-17, అండర్-19 అని మూడు గ్రూపులు. కర్ణాటకలో హోబళి, తాలూకా, జిల్లా, డివిజన్, స్టేట్ ఇలా ఎక్కుకుంటూ పోతే చివర్లో నేషనల్స్. మనవాళ్ల పిల్లలు ఎక్కువమంది చదివే సీబీఎస్‌ఈ స్కూళ్లకి వేరే దారి, క్లస్టర్, జోనల్, ఆ తర్వాత సీబీఎస్‌ఈ నేషనల్స్, అక్కణ్నుంచి ఎస్‌జీఎఫ్ నేషనల్స్‌కి సీబీఎస్‌ఈ జట్టు కూడా ఒక రాష్ట్రం జట్టులాగే వెళ్తుంది. ఏ దారిలో వెళ్లినా గేటు దగ్గర అడిగేది ఒకటే, నువ్వు ఈ స్కూల్లోనే చదువుతున్నావా, నీ వయసు నిజంగా అంతేనా.

రెండో ప్రశ్న దగ్గరే అసలు తలనొప్పి అంతా, ఎందుకంటే మన దేశంలో చాలాకాలం చాలామందికి పుట్టినరోజు అనేది కాగితం మీద లేదు. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చిందే 1969లో, అది పల్లెల దాకా చేరడానికి ఇంకా ఎన్నేళ్లు పట్టిందో మన ఇళ్లల్లో పెద్దవాళ్లని అడిగితే చెప్తారు. చెయ్యి తల మీదుగా వేసి అవతలి చెవి అందుకుంటే బళ్లో చేర్చుకునేవాళ్లు, హెడ్‌మాస్టరు వెనక్కి లెక్కేసి ఏదో ఒక తేదీ రాసేసేవారు. అందుకే మన నాన్నల తరంలో అంతమందికి జూన్ 1, జులై 1 పుట్టినరోజులు. దీంట్లో మోసం ఏమీ లేదు, పని జరగడానికి వేసిన అంకె అంతే. ఇంకొంతమంది తండ్రులు మాత్రం కాస్త ముందుచూపుతో, రేపు గవర్నమెంట్ ఉద్యోగం వస్తే రిటైర్‌మెంట్ రెండేళ్లు లేటవుతుంది కదా అని తగ్గించి రాయించేవాళ్లు. అలా తగ్గిన పిల్లాడు గ్రౌండ్‌లోకి వస్తే చుట్టూ ఉన్నవాళ్లకంటే ఒక జానెడు పొడుగు, అప్పటికి దాన్ని పట్టించుకున్నవాడు లేడు, బాగా ఆడతాడ్రా అనుకునేవాళ్లు.

పట్టించుకోవడం మొదలైంది సర్టిఫికెట్‌కి విలువ వచ్చాక. నా లెక్కలో ఈ కథ మొత్తానికి ముఖ్యమైన తేదీ 1980 ఆగస్టు 4. ఆ రోజు కేంద్ర ప్రభుత్వం ప్రతిభ ఉన్న క్రీడాకారుల్ని ఉద్యోగాల్లోకి ఎలా తీసుకోవాలో ఒక మెమో ఇచ్చింది, అందులో దేశం తరఫున ఆడినవాళ్లు, యూనివర్సిటీ తరఫున ఆడినవాళ్లతో పాటు నేషనల్ స్కూల్ గేమ్స్‌లో రాష్ట్రం జట్టుకి ఆడినవాళ్లని కూడా పెట్టారు. మంచి ఉద్దేశమే, కాదనను. కానీ అంతవరకు ఫ్రేమ్ కట్టించి గోడకి తగిలించుకునే కాగితం ఒక్కసారిగా ఉద్యోగానికి దారి అయిపోయింది. దానికితోడు కర్ణాటకలో సీఈటీ అనే కాలేజీ ఎంట్రన్స్‌లో స్పోర్ట్స్ కోటా సీట్లు, 2018 నుంచి కేంద్రం క్రీడా పథకం ఖేలో ఇండియా వచ్చాక సెలెక్ట్ అయినవాళ్లకి ఏడాదికి 5 లక్షల చొప్పున ఎనిమిదేళ్ల సాయం. పదహారేళ్ల వాణ్ని పద్నాలుగేళ్ల గ్రూపులో దింపితే ఇంత వస్తుందంటే దింపేవాళ్లు దింపుతారు, ఇందులో ఆశ్చర్యపోవడానికి ఏముంది.

ఎలా దింపుతారంటే పెద్ద విద్యేమీ కాదు. ఏడాది దాటాక చేయించే లేట్ రిజిస్ట్రేషన్‌కి పాత చట్టంలో మేజిస్ట్రేట్ ఆర్డర్ కావాలి, ఆ ఆర్డర్ వచ్చాక పుట్టే సర్టిఫికెట్ నిఖార్సైన గవర్నమెంట్ సర్టిఫికెట్టే, సీలు నిజం, సంతకం నిజం, తేదీ ఒక్కటే అబద్ధం. దాంతో కొత్త స్కూల్లో ఒక క్లాసు వెనక్కి చేరిస్తే స్కూల్ రికార్డు కూడా దానికి సరిపోతుంది. ఇక తాలూకా మీట్‌లో ఎదుటి స్కూల్ సార్‌కి అనుమానం వచ్చి ప్రొటెస్ట్ ఇచ్చినా అక్కడున్నవాళ్లు చెయ్యగలిగింది ఫారం మీద ఫొటో, ఆ ఫొటో మీద సగం పడ్డ హెడ్‌మాస్టర్ సీలు, పిల్లాడి మొహం మూడూ పక్కపక్కన పెట్టి చూడ్డమే. మీసం కనిపిస్తూనే ఉంటుంది, కాగితం మాత్రం పదమూడు అంటుంది, గెలిచేది కాగితమే.

అందుకని కాగితాన్ని వదిలేసి ఎముకల్ని చూద్దామన్న ఆలోచన వచ్చింది. ఇందులో ముందు గట్టిగా దిగింది క్రికెట్ బోర్డు. ఎడమ చెయ్యి మణికట్టుకి ఎక్స్‌రే తీసి టీడబ్ల్యూ3 అనే పద్ధతిలో లెక్కేస్తారు, టానర్, వైట్‌హౌస్ అనే ఇద్దరు బ్రిటన్ వాళ్లు పెట్టిన పద్ధతి, మొదటిది 1962లో, ఈ మూడో రూపం 2001లో. ముంజేతి ఎముకలు రెండు, అరచేతిలో వేళ్లల్లో ఉండే చిన్న ఎముకలు పదకొండు, మొత్తం పదమూడు ఎముకల చివర్లు ఎంతవరకు అతుక్కున్నాయో చూసి ఒక్కోదానికి మార్కులు వేసి కూడితే ఎముక వయసు వస్తుంది. మగపిల్లలకి పదహారున్నర, ఆడపిల్లలకి పదిహేను వచ్చేసరికి ఈ ఎముకలు పూర్తిగా ఎదిగిపోతాయి, ఆ పైన ఈ లెక్క ఏమీ చెప్పలేదు, బోర్డు ఈ టెస్టుని అబ్బాయిల అండర్-16కి, అమ్మాయిల అండర్-15కి పెట్టుకుంది అందుకే. అంటే అండర్-19లో దొంగని పట్టుకోవడానికి ఈ ఎక్స్‌రే పనికిరాదు, చాలామంది పేరెంట్స్‌కి ఈ సంగతి తెలీదు.

మన బెంగళూరు వాడే రాహుల్ ద్రవిడ్ 2015 డిసెంబర్‌లో పటౌడీ స్మారక ప్రసంగంలో ఈ వయసు దొంగతనం గురించి సూటిగా మాట్లాడాడు, ఇది విషం లాంటిదన్నాడు, ఫిక్సింగ్‌కీ దీనికీ పెద్ద తేడా లేదన్నట్టే చెప్పాడు. తర్వాతి ఏడాదే బోర్డు ఒక్కో కుర్రాడికి ఒక్క అండర్-19 ప్రపంచకప్ మాత్రమే అని రూల్ పెట్టింది. 2020లో, తప్పు తేదీ ఇచ్చినవాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చి చెప్పుకుంటే వదిలేస్తాం, దొరికితే రెండేళ్లు నిషేధం అని కూడా ప్రకటించింది. ఈ క్షమాభిక్ష నాకు నచ్చింది, ఎందుకంటే తేదీ మార్చేది తండ్రో కోచో, శిక్ష పడేది పిల్లాడికి.

కానీ ఎముకని కూడా గుడ్డిగా నమ్మడానికి లేదు. ఎముక వయసు అటూ ఇటూ రెండేళ్లు తేడా రావచ్చని సుప్రీంకోర్టు 1982లోనే, ఆటలతో సంబంధం లేని జయమాల కేసులో చెప్పింది. రెండేళ్లంటే అండర్-14 వాడు అండర్-17లో పడిపోయేంత. తొందరగా ఎదిగే పిల్లలు నిజంగానే ఉంటారు, వాళ్ల తప్పేమీ లేకుండా బయటికి పోతారు. ఈ ఏడాది పోయిందంటే ఆ పిల్లాడికి ఆ గ్రూపు మళ్లీ రాదు కూడా.

ఇక కేంద్రం సంగతి చూస్తే, వయసు మోసాల మీద జాతీయ కోడ్ 2010లో తెచ్చింది, 2025లో దాన్ని తిరగరాస్తూ కొత్త ముసాయిదా బయటపెట్టింది, అందులో మూడు కాగితాలు తప్పనిసరి, మొదటిసారి దొరికితే రెండేళ్లు, రెండోసారైతే జీవితాంతం నిషేధం, ఎఫ్ఐఆర్ కూడా. కేసులు అంటే గుర్తొచ్చింది, ఒలింపిక్స్ ఆడిన ఒక బ్యాడ్మింటన్ ఆటగాడి మీద బెంగళూరులోనే 2022లో ఇలాంటి ఫిర్యాదుతో కేసు పెట్టారు, హైకోర్టు దాన్ని కొట్టేయనంది, 2025 జులైలో సుప్రీంకోర్టు మొత్తం కొట్టేసింది. ఆరోపణ చెయ్యడం ఎంత తేలికో నిలబెట్టడం అంత కష్టం, మధ్యలో ఆటగాడి ఏళ్లు పోతాయి.

ఇదంతా పెద్ద పేర్ల గొడవ. నన్ను ఎక్కువ కుదిపేది వేరే పిల్లలు. సర్జాపుర రోడ్డు పక్కన అపార్ట్‌మెంట్లు కట్టే దగ్గర రేకుల షెడ్లల్లో అనంతపురం నుంచి, కర్నూలు నుంచి, రాయచూరు నుంచి వచ్చిన కుటుంబాలు ఉంటాయి కదా, వాళ్ల పిల్లలు పక్కనే గవర్నమెంట్ స్కూల్లో చేరతారు. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం వయసు కాగితం లేదని అడ్మిషన్ ఆపడానికి వీల్లేదు, అది చాలా మంచి రూలు, పిల్లాడు బళ్లోకైతే వస్తాడు. కానీ అదే పిల్లాడు బాగా పరిగెత్తి హోబళిలో ఫస్ట్ వస్తే అక్కడ ఆ చట్టం కాపాడదు, బర్త్ సర్టిఫికెట్ తే అంటారు, ఊళ్లో పాత స్కూల్ టీసీ తే అంటారు, శాట్స్ నంబర్‌లో (కర్ణాటక స్కూళ్లల్లో ఒక్కో పిల్లాడికి ఇచ్చే ఆన్‌లైన్ నంబర్) పేరూ ఆధార్‌లో పేరూ ఒకేలా ఉండాలంటారు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడ స్కూల్లో తండ్రి పేరు ఇనీషియల్‌గా చివర్న వేస్తారు, ఆన్‌లైన్‌లో రెండు పేర్లూ కలవవు, ఎంట్రీ రిజెక్ట్. సెంట్రింగ్ పనికి పోయే తండ్రి కూలి మానుకుని బస్సెక్కి ఊరెళ్లి పంచాయతీ ఆఫీసులో నిలబడాలి, నిలబడడు, పిల్లాడు తాలూకాకి వెళ్లడు. దొంగని ఆపడానికి పెట్టిన గేటు దొంగకి ఎప్పుడూ తెరిచే ఉంది, వాడి ఫైలు అందరికంటే శుభ్రంగా ఉంటుంది మరి, ఆగిపోయేది మాత్రం అబద్ధం చెప్పడం కూడా రాని పిల్లాడు.

మార్కుల సంగతి కూడా అడుగుతుంటారు, ఫెయిలైతే ఆడనివ్వరా అని. అది అమెరికా రూలు, టెక్సస్ రాష్ట్రం 1984లో పెట్టింది, ఏ సబ్జెక్టులో అయినా 70 కంటే తక్కువొస్తే ఆరు వారాలు గ్రౌండ్ బంద్, గోల ఎక్కువై 1995లో మూడు వారాలకి తగ్గించారు. మన దగ్గర ఆ పని ఇంట్లోనే జరిగిపోతుంది, టెన్త్‌లోకి రాగానే కిట్ బ్యాగ్ అటక మీదకి వెళ్తుంది. సీబీఎస్‌ఈ అయితే 2018 నుంచి నేషనల్స్‌తో బోర్డు పరీక్ష క్లాష్ అయితే వేరే తేదీన రాసుకోనిస్తోంది, ఇది అడిగి తీసుకోండి, చాలా స్కూళ్లు తమంతట తాము చెప్పవు. పాటలు, డ్రాయింగ్, ఏకపాత్రాభినయం ఉండే కర్ణాటక స్కూళ్ల ప్రతిభా కారంజి పోటీల్లో గ్రూపులు తరగతిని బట్టి పెడతారు, వయసుతో పేచీ తక్కువ.

ఇంకో మెలిక ఏంటంటే లెక్కేసే తేదీ అన్నిచోట్లా ఒకటి కాదు. స్కూల్ అడ్మిషన్‌కి జూన్ 1, స్కూల్ గేమ్స్‌కి జనవరి 1, క్రికెట్ బోర్డుకి సెప్టెంబర్ 1. అక్టోబర్‌లో పుట్టిన పిల్ల క్రికెట్‌లో తన గ్రూపులో అందరికంటే పెద్దవాళ్లల్లో ఒకతి, అదే పిల్ల స్కూల్ అథ్లెటిక్స్‌లో చిన్నవాళ్లల్లో ఒకతి. పన్నెండేళ్ల వయసులో పది నెలలు తేడా అంటే మామూలు విషయం కాదు, టాలెంట్ లేదని మనం అనుకునేది చాలాసార్లు క్యాలెండర్ తప్పే.

జనన రిజిస్ట్రేషన్ చట్టం మారింది లెండి. 2023 సవరణ ప్రకారం ఆ అక్టోబర్ 1 తర్వాత పుట్టినవాళ్లకి స్కూలు నుంచి ఉద్యోగం దాకా పుట్టిన తేదీకి బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే రుజువు. వాళ్లు అండర్-14 ఆడే నాటికి 2035 అటూ ఇటూ అవుతుంది. ఇప్పుడు ఆడుతున్న పిల్లలకి మాత్రం పాత పద్ధతే, కాబట్టి పేరులోనో తేదీలోనో తేడా ఉంటే జులై దాకా ఆగకుండా సంక్రాంతికి ఊరెళ్లినప్పుడే పంచాయతీ సెక్రటరీని కలిసి అప్లికేషన్ పెట్టుకుని రండి, ఆధార్ మార్పించేది ఆ తర్వాతే, ముందు మార్పిస్తే మళ్లీ తిరగాలి.