జివ్వుమంటే ఎంత?

విశాఖపట్నం

చిరంజీవులు కిట్టూకీ చిన్నీకీ తాతయ్య ఆశీస్సులు.

వేసవిలో ఆర్కే బీచ్‌లో ఐసుగోళా ఒక్కసారి కొరికి నేను దవడ పట్టుకుంటే ఇద్దరూ పడీపడీ నవ్వారు కదూ? మొన్న ఆ పన్ను చూపించుకోడానికి వెళ్ళాను. "ఎంత జివ్వుమంటోందండీ?" అని అడిగింది డాక్టరమ్మ. జ్వరానికైతే థర్మామీటరుంది, దీనికేముంది చెప్పండి?

ఉందిట! చిన్న గొట్టంతో పంటికి సెంటీమీటరు దూరం నుంచి ఒక్క సెకను చల్లగాలి ఊదింది. దానికి 0 నుంచి 3 దాకా మార్కులు. ఉలుకూ పలుకూ లేకపోతే 0. ఉలిక్కిపడి కూడా ఓర్చుకుంటే 1. ఆపమన్నా, తల తిప్పేసుకున్నా 2. "అమ్మో, నొప్పి" అని మరీ ఆపమంటే 3. నేను కుర్చీలోంచి సగం లేచాను. 3 వేసుకుంది. లెక్కల్లో నాకెప్పుడూ ఇంత సులువుగా ఫుల్ మార్కులు రాలేదు.

సన్నటి ములికితో పంటిమీద గీసే పరికరం కూడా ఉంది. 10 గ్రాముల ఒత్తిడితో మొదలెట్టి పదేసి పెంచుతారు. ఎక్కడ "అబ్బా" అంటామో అదే ఆ పంటి లెక్క.

ఇంతకీ గాలికి పన్నెందుకు ఉలికిపడుతుంది? పైన గట్టి ఎనామిల్, దాని కింద డెంటిన్. డెంటిన్ నిండా వెంట్రుక కన్నా ఎంతో సన్నటి గొట్టాలు, చదరపు మిల్లీమీటరుకి వేలకొద్దీ. వాటిలో ద్రవం ఉంటుంది. గాలి తగిలితే అది కదిలి లోపలి నరాన్ని గిల్లుతుంది. 1960ల్లో స్వీడన్‌ శాస్త్రవేత్త బ్రాన్‌స్ట్రామ్ ప్రయోగాలు చేసి ఈ సంగతి చెప్పాడు. వేరుకి ఎనామిల్ ఉండదు, చిగురే దానికి దుప్పటి. నేనేమో ఇత్తడి బిందె తోమినట్టు తోమితోమి ఆ దుప్పటి కాస్తా జార్చేశాను.

తర్వాత మిల్లీమీటరు గీతలున్న సన్నటి పుల్లలాంటిది పంటికీ చిగురుకీ మధ్య దించింది. 3 దాకా ఫరవాలేదుట. వెనక దవడలో ఒకచోట 5 వచ్చింది, రక్తమూ వచ్చింది. నొప్పి మాత్రం లేదర్రా! గోల చేసిన పంటికి పెద్ద జబ్బేమీ లేదు, కిమ్మనని చోట గార పేరుకుపోయి ఉంది. అది చూసి నాకు మతిపోయింది.

చిన్నీ, డాక్టరడిగితే బింకంగా "ఏం లేదు" అనకు. కిట్టూ, నువ్వు ఈగ వాలినా 3 అనకు. ఆ అంకె మన నోటంట రావాల్సిందే.

గార తీయించాను. మెత్తటి బ్రష్షూ, జివ్వు తగ్గించే పేస్టూ వాడుతున్నాను. నిన్న గాలికి 1 వచ్చింది. సంక్రాంతికి గోళా మీరు తినండి. నాకు మూరీ మిక్చరు చాలు, నిమ్మకాయ పిండకుండా.

మీ తాతయ్య