సెర్బులను పక్కవాళ్లు ఏమని పిలిచారు

1914కు ముందటి ఇంగ్లిష్ పేపర్లు తిరగేస్తే సెర్బియా కంటే ‘సర్వియా’ అన్న మాటే ఎక్కువ కనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ దేశం బ్రిటన్ పక్షాన నిలిచాక ఆ స్పెల్లింగ్ ఇబ్బందిగా తోచింది, లాటిన్‌లో సర్వుస్ అంటే బానిస మరి, మిత్రుణ్ణి పట్టుకుని అలా పిలిస్తే ఏం బాగుంటుంది? ‘వ’ పోయి ‘బ’ వచ్చింది.

ఈ బానిస గొడవ అప్పటికే దాదాపు వెయ్యేళ్ల పాతది. 10వ శతాబ్దం మధ్యలో బైజాంటియం చక్రవర్తి ఏడో కాన్‌స్టాంటైన్ కొడుకు కోసం సిద్ధం చేసిన రాజనీతి గ్రంథంలో, సెర్బులంటే రోమన్ల భాషలో బానిసలనీ, నాసిరకం చెప్పులను జనం ‘సెర్బులా’ అనేది అందుకేననీ ఉంది. ఒక జాతి పేరు వినగానే ఆయనకు చెప్పులు గుర్తొచ్చాయన్నమాట! నిజానికి అది వాళ్లు సొంతంగా చెప్పుకునే పేరు, లాటిన్‌తో పనే లేదు. తూర్పు జర్మనీలోని లుసేషియాలో ఉన్న సోర్బులు కూడా తమను ‘సెర్బ్యా’ అనే పిలుచుకుంటారు. 7వ శతాబ్దపు ఫ్రాంకుల చరిత్రలోనూ ఈ సోర్బులే కనిపిస్తారు, ‘సుర్బి’ల నాయకుడిగా డెర్వాన్ అనే ఆయన కనిపిస్తాడు.

చెప్పుల మాట ఎలా ఉన్నా, సెర్బుల తొలి ఊళ్ల కబురు ఎక్కువగా దొరికేది ఆ చక్రవర్తి దగ్గరే. బైజాంటియం చక్రవర్తి హెరాక్లియస్ కాలంలో (610-641) సెర్బులకు ముందు థెస్సలోనికి వైపు చోటిచ్చారట, అక్కడి సర్వియా అనే ఊరికి ఆ పేరు వాళ్లవల్లే వచ్చిందట, కొన్నాళ్లకు ఇంటికి పోతామని డాన్యూబ్ దాటేసి, మళ్లీ మనసు మార్చుకుని వేరే నేల అడిగారట. మూడు వందల ఏళ్ల తర్వాత రాసిన కథ కాబట్టి అన్నీ నమ్మేయక్కర్లేదు, కానీ గ్రీసులో సర్వియా ఊరు ఇప్పటికీ ఉంది. తన కాలపు సెర్బియాలో జనం ఉన్న కోట ఊళ్లుగా డెస్టినికాన్, డ్రెస్నెయిక్, సలినెస్ లాంటివి చెబుతాడు. సలినెస్ అంటే ఉప్పుకు పేరుబడ్డ, నేటి బోస్నియాలోని టుజ్లా అని పండితుల మాట.

తర్వాతి గ్రీకు రచయితలైతే పాండిత్యం చూపించుకోవాలని, ఎప్పుడో కనుమరుగైన త్రిబల్లులనే ప్రాచీన బాల్కన్ తెగ పేరు తెచ్చి సెర్బులకు తగిలించారు.

హంగరీ వాళ్లది ఇంకో దారి. నేటి సెర్బియాలోని నోవీ పజార్ దగ్గరి రాస్ కోట పేరుమీద లాటిన్‌లో ఆ దేశం ‘రాస్కియా’ అయింది, హంగేరియన్ల నోట్లో సెర్బు ‘రాట్స్’ అయ్యాడు. 15వ శతాబ్దంలో తురుష్కుల భయంతో కెవె (నేటి కొవిన్) నుంచి పారిపోయిన సెర్బులు బుడాపెస్ట్‌కు దక్షిణంగా, డాన్యూబ్ నడుమ ఒక లంకలో స్థిరపడ్డారు. వదిలొచ్చిన ఊరి పేరూ, పక్కవాళ్లు పెట్టిన పేరూ కలిసిపోయి అది రాట్స్‌కెవె అయింది, అంటే సెర్బుల కెవె.