కీళ్లవాతం: ఇమ్యూనిటీ పెంచుకుంటే తగ్గుతుందా?

"ఇమ్యూనిటీ తగ్గి ఈ జబ్బొచ్చిందంట కదా సార్, అందుకే మాత్రలు ఆపేసి పొడి తాగుతున్నా." తిరుపతిలో నా ఓపీలో ఈ మాట వినని వారం లేదు.

తగ్గడం కాదు, కంచే చేను మేయడం ఇది: కాపాడాల్సిన ఇమ్యూనిటీయే మన కీళ్ల మీద పడుతుంది. గాయమైనప్పుడో, జ్వరమొచ్చినప్పుడో టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 అనే వాపు పుట్టించే ప్రోటీన్లు ఊరి, పని కాగానే తగ్గిపోవాలి. ఈ కీళ్లవాతంలో, అంటే రుమటాయిడ్‌లో, తగ్గవు. కీలు లోపలి పొర వాచి, పక్కనున్న ఎముకను కొరుకుతుంది. మీ రిపోర్టులో సీఆర్పీ (ఒంట్లో వాపు ఉందని చూపే రక్తంలోని ప్రోటీన్) పెరగడానికి కారణం కూడా ప్రధానంగా ఆ ఇంటర్‌ల్యూకినే. దీన్ని ఇంకా పెంచుకుంటారా?

పలమనేరు వైపు నుంచి ఒకామె వస్తుంది. రెండు ఆవులు. తెల్లవారుజామున పాలు పితకాలంటే వేళ్లు ముడుచుకోవు. వేడినీళ్లలో చేతులు పెట్టుకుని కూర్చుంటే, అవి కదిలేసరికి పాలబండి వెళ్లిపోయేది. ఈ జబ్బుకిచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర మొదలుపెట్టాక మూడో నెలకి మళ్లీ తనే పితికింది. అంతలో ఎవరో "అది క్యాన్సర్ మందు" అన్నారు, ఆపేసింది. ఎనిమిది నెలల తర్వాత వస్తే ఎక్స్‌రేలో వేలి కణుపు దగ్గర ఎముక అంచు తిని ఉంది. "తిట్టండి సార్" అంది. నాకు నోరు రాలేదు. భయపెట్టినవాళ్లు దొరికితే తిట్టేవాణ్ణి.

క్యాన్సర్‌కీ వాడతారు, నిజమే. ఆ డోసు చాలా ఎక్కువ. మనకిచ్చేది వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే మాత్రం ప్రాణం మీదికొస్తుంది, అందుకే అట్ట మీద నేనే పెన్నుతో "బుధవారం" అని రాసిస్తా. చెప్పినప్పుడల్లా రక్తపరీక్ష చేయించుకోవాలి. గర్భం అనుకునేవాళ్లు ముందే చెప్పాలి.

మిగతావి గబగబా. ఆర్ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు కాదు, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలోనూ వస్తుంది. నెగెటివ్ వచ్చినా జబ్బు ఉండొచ్చు. సీఆర్పీ చూసి "ప్రోటీన్ పెరిగింది" అంటే పప్పూ గుడ్డూ మానేయమని కాదు, తినే ప్రోటీన్ వేరు ఇది వేరు. చింతపండు సంగతి నన్నడక్కండి. పుత్తూరు కట్టు విరిగిన ఎముకకు కట్టించుకునేది, ఈ వాపుకు కాదు.

టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్ రాసి, ముందు టీబీ పరీక్ష చేయించుకోమంటే, "కీళ్లకు టీబీ పరీక్ష ఎందుకు సార్, డబ్బులకా?" అంటారు. ఒంట్లో నిద్రపోతున్న టీబీని లేవకుండా పట్టి ఉంచేదీ ఆ టీఎన్ఎఫ్ ప్రోటీనే. దాని చేతులు కట్టేసే ముందు, లోపల టీబీ ఉందో లేదో చూసుకోవద్దా?